శుభ్రంగా కడిగిన సముద్రం

ఆస్పత్రిలో ఆమెను అందరూ ఆవిరక్క అంటారు. అసలు పేరు హాజరు రిజిస్టరులో ఉంది కానీ దాన్ని చదవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. నేలకింది అంతస్తులో, కిటికీ లేని గదిలో, నిలువెత్తు స్టీలు యంత్రం ముందు పంతొమ్మిదేళ్లుగా నిలబడుతోంది కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. ఆపరేషన్ గదుల్లో వాడిన కత్తెరలు, పట్టకార్లు, గిన్నెలు లిఫ్టులో ఆమె దగ్గరికి దిగుతాయి. వాటిని నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, కడిగి, ఆరబెట్టి, గుడ్డలో మూటకట్టి ఆవిరి యంత్రంలోకి తోస్తుంది. బయటికొచ్చిన మూట మీద ఆమె సంతకం పడితేనే అది పైకి వెళ్తుంది. ముక్కుమీద కోపం ఉండే పెద్ద సర్జన్ కూడా మూట విప్పేముందు ఒకసారి కింద సంతకం చూసి, "ఆవిరక్కదేనా? అయితే సరే" అంటాడట.

యంత్రం పని సరిగ్గా చేసిందో లేదో తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. చిటికెన వేలంత గొట్టంలో ఒక పట్టాన చావని మొండి క్రిములుంటాయి. దాన్ని మూటలతోపాటే లోపల పెట్టి, తీశాక ఒక రోజంతా వెచ్చగా ఉంచి చూడాలి. గొట్టంలోని ఊదా రంగు ఊదాగానే ఉంటే అన్నీ చచ్చినట్టు. రంగు మారిందంటే ఎక్కడో ఏదో బతికినట్టు, ఆ పూట మూటలన్నీ వెనక్కి తెప్పించాల్సిందే. పంతొమ్మిదేళ్లలో ఆవిరక్క చేతిలో ఒక్కసారి కూడా రంగు మారలేదు. మారితే ఎలా ఉంటుందో గోడకు అంటించిన బొమ్మలో చూడటమే.

ఇంట్లోనూ అదే వరస. వంటగదిలో గుడ్డలు మూడు రంగులు, మూడు పనులకి. బయటినుంచి వచ్చినవాళ్లు మోచేతులదాకా కడుక్కోకుండా కుర్చీలో కూర్చోడానికి లేదు. "మా కోడలు నన్ను కూడా ఆవిరి పట్టి పెడితే బాగుండనుకుంటుంది. మూటకట్టడానికి గుడ్డ చాలక ఊరుకుంది" అని అత్తగారు మెట్లమీద ఎదురైన వాళ్లందరికీ చెబుతుంది. ఆవిడ ముప్పయ్యేళ్లు బట్టల దుకాణంలో కొలతలు తీసి, కుట్టి, మోకాళ్లు సహకరించక మానేసిన మనిషి. నోరు మాత్రం మానలేదు.

అలాంటి ఆవిరక్క ఇంట్లోకి సముద్రం రావడమే విచిత్రం.

ఆస్పత్రి మొదటి అంతస్తులో, రోగుల పేర్లు రాసుకునే కౌంటరు పక్క గోడలో ఒక ఉప్పునీటి అక్వేరియం ఉండేది. గోడలోకే కట్టేసిన గాజు తొట్టి. వెనక ప్లాస్టిక్ పగడాలు, ముందు రెండు చేపలు. నారింజ రంగు ఒళ్లు, తెల్లటి పట్టీలు. వాటిని అందరూ దంపతులు అనేవారు. "పెద్దది పెళ్లాం, చిన్నది మొగుడు. ఈ జాతిలో అంతేనట. ఆవిడ ఊ అంటేనే ఆయన ఆ మూల దాటతాడు. మా ఇల్లే నయం, నన్ను ఆఫీసుకైనా రానిస్తుంది" అనేవాడు కౌంటరు గుమాస్తా. టీ విరామంలో అందరూ పైన క్యాంటీన్‌కి వెళ్తే, ఆవిరక్క కప్పు పట్టుకుని ఆ గాజు ముందు నిలబడేది. పదకొండేళ్లు అలాగే. కిటికీ లేని గదిలో పనిచేసేవాళ్లకు చూడటానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

ఒకరోజు మీటింగులో ఆఫీసరు చెప్పాడు. హాలు వెడల్పు చేస్తున్నారు, ఆ గోడ పడగొడతారు, ఆరు వారాలు గడువు. "చేపల్ని ఎవరన్నా తీసుకెళ్తారా? లేకపోతే..." అని ఆగాడు. లేకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

"నేను తీసుకెళ్తాను" అని వెనక వరసలోంచి గొంతు వినిపించింది. తల తిప్పి చూసినవాళ్లలో సగంమంది ఆ గొంతు వినడం అదే మొదటిసారి. అన్నది ఆవిరక్క. నీళ్లలో ఉప్పు ఎంత ఉండాలో కూడా ఆమెకు తెలీదు.

భర్త లిఫ్టు మెకానిక్. ఆయనకు లోకంలో బరువులన్నీ మనుషుల లెక్కలోనే అర్థమవుతాయి. ముందుగదిలో గోడమీద తట్టి, నేలమీద కాలితో తట్టి, ఆలోచించి చెప్పాడు.

"నూట ఇరవై లీటర్లు. గాజు, ఇసుక, రాళ్లు, స్టాండు అన్నీ కలిపితే ముగ్గురు మనుషులు. ముగ్గురూ పగలూ రాత్రీ కదలకుండా ఒకే మూల నిలబడ్డట్టు. గోడవార అయితే పర్లేదు."

"ఆ ముగ్గురిలో నన్ను కలిపావురా?" అంది తల్లి.

"నువ్వు కదలకుండా నిలబడితే కదమ్మా కలపడానికి."

చేపల షాపాయనది సన్నటి సందులాంటి దుకాణం. మనిషి వేగంగా మాట్లాడతాడు, చేతులు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. ఆవిరక్క నోటుబుక్కు తీసుకుని వెళ్లింది. ఉప్పు లీటరుకు ముప్పయ్యైదు గ్రాములు. వేడి ఇరవయ్యారు డిగ్రీలు. కుళాయి నీళ్లు పనికిరావు, ఫిల్టర్ చేసిన నీళ్లలోనే ఉప్పు కలపాలి. లైటు రోజుకు ఎనిమిది గంటలు. అన్నీ రాసుకుంది. ఆయన చివర్లో చెయ్యి ఊపుతూ ఇంకో సంగతి చెప్పాడు.

"అసలు సంగతి రాళ్లలో ఉందమ్మా. ఇవి సముద్రంలోంచి తెచ్చినవి, లైవ్ రాక్ అంటాం. వీటి సందుల్లో కంటికి కనపడని జీవులుంటాయి. చేపలు చేసే మురికిని తినేది అవే. తడి ఆరనివ్వకుండా తీసుకెళ్లి అలాగే నీళ్లలో పెట్టెయ్యండి. ఇక ఆగి చూడటమే."

ఇందులో అంకె లేదు. అంకె లేనిదాన్ని ఆవిరక్క రాసుకోలేదు.

తడి కాగితాల్లో చుట్టిన రాళ్లను ఇంటికి తెచ్చి వంటగది గట్టుమీద విప్పేసరికి ముక్కుపుటాలు అదిరిపోయేంత వాసన. ఊదా, గోధుమరంగు జిగురు. ఒక కన్నంలోంచి వేలెడు పురుగు, ఒళ్లంతా ముళ్లతో, మెల్లగా బయటికొచ్చి గట్టుమీద పాకింది. అత్తగారు కెవ్వుమంది. ఆవిరక్క కెవ్వుమనలేదు. పని చేతికొస్తే ఆమె ఎప్పుడూ కంగారుపడదు. గ్లౌజులు తొడుక్కుంది, బకెట్టు తెచ్చింది. మసిలే నీళ్లు ఒక విడత. బ్రష్షుతో కన్నం కన్నం. తర్వాత బ్లీచింగ్ నీళ్లలో ఒక రోజంతా. తర్వాత మూడుసార్లు మంచినీళ్లలో. తర్వాత బాల్కనీలో రెండురోజుల ఎండ. ఆఖరికి రాళ్లు తెల్లగా, శంఖాల్లా, ఏ వాసనా లేకుండా తయారయ్యాయి.

భర్త బాల్కనీలోకి తొంగి చూశాడు. "షాపాయన కడగమన్నాడా?"

"కడగొద్దనడానికి ఆయనెవరు? ఆయన చేతులు చూశారా మీరు?"

షాపాయన మాట ఆమెకు వినపడలేదని కాదు. వినపడింది. చేపలమ్ముకునే మనిషికి శుభ్రం గురించి ఏం తెలుసులే అనుకుంది. ఈ ఒక్క విషయంలో ఆమెకు ఎవరూ చెప్పి ఎరగరు మరి.

తొట్టి నిండింది. నీళ్లు గాజులా ఉన్నాయి. వారం వారం సగం నీళ్లు తీసి కొత్త ఉప్పునీళ్లు పోసింది. ఫిల్టర్లో దూదిలాంటి పొరను రోజు విడిచి రోజు తీసి మరిగించి మళ్లీ పెట్టింది. గాజుకు ఏ కాస్త మసక పట్టినా గుడ్డతో తుడిచేసింది. షాపాయన ఇచ్చిన పరీక్ష పెట్టెలో రెండు మందులున్నాయి. గొట్టంలో తొట్టి నీళ్లు పట్టి చుక్కలు వేస్తే రంగు చెబుతుంది. అమోనియా అనే విషం లేకపోతే పసుపు, ఉంటే ఆకుపచ్చ. నైట్రైట్ అనేది లేకపోతే నీలం, ఉంటే ఊదా. మొదటి వారం పసుపు, నీలం. రెండో వారం పసుపు, నీలం. ఐదో వారం కూడా అంతే. ప్రతిసారీ గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూసుకుని, పుస్తకంలో టిక్కు పెట్టుకుని మురిసిపోయింది.

ఐదో వారం చివర షాపాయనకు ఫోన్ చేసింది.

"అమోనియా ఎంతుందమ్మా?"

"సున్నా."

"నైట్రైట్?"

"అదీ సున్నా."

"భలే. మొదటిసారికే బాగా పట్టుకున్నారు. ఇక చేపల్ని దింపండి."

రాళ్లలోని మురికికి అమోనియా ముందు పెరిగి, ఆ జీవులు తినేకొద్దీ సున్నాకు దిగి ఉంటుందని ఆయన అనుకున్నాడు. ఎవరి తొట్టిలోనైనా అలాగే జరుగుతుంది. రంగు మారడం మంచిదని ఈమెకు తెలీదు. మారని రంగు పట్టుకుని ఒక మనిషి ఐదువారాలు సంబరపడుతుందని ఆయన కలలో కూడా అనుకోడు.

ఆదివారం నాడు దంపతులు వచ్చారు. మూతపెట్టిన బకెట్టును భర్త ఒళ్లో పెట్టుకుని టాక్సీలో కూర్చున్నాడు, ప్రతి మలుపుకీ డ్రైవరును తిట్టుకుంటూ. గంటన్నరసేపు ఆవిరక్క బకెట్టులోకి సన్నటి ట్యూబుతో కొత్తనీళ్లు బొట్టుబొట్టుగా కలిపి, అప్పుడు దింపింది. పెద్దది ఒక చుట్టు చుట్టి తెల్లటి రాళ్ల మధ్య ఖాళీ చూసుకుని నిలబడింది. చిన్నది దాని వెనక చేరింది. "ఇల్లు చూసుకుంటోంది. గదులు చాల్లేదేమో" అంది అత్తగారు. ఆస్పత్రి వాళ్లందరికీ ఫోటో వెళ్లింది. కౌంటరు గుమాస్తా జవాబు పంపాడు: "మావాళ్లను కంటికి రెప్పలా చూసుకో అక్కా. ఈ కౌంటర్లో ఇన్నాళ్లూ నాకు తోడు వాళ్లే."

మంగళవారం పొద్దున గొట్టంలో నీళ్లు పసుపుగా లేవు. లేత ఆకుపచ్చ.

ఆవిరక్క గొట్టాన్ని కడిగి మళ్లీ పరీక్ష చేసింది. ఆకుపచ్చే. చుక్కలు ఎక్కువ పడ్డాయేమోనని మూడోసారి చేసింది. మందు పాడైపోయిందేమో అనుకుంది. ఆమె లెక్కలో ముందు పాడయ్యేది పరీక్షే, ఆమె పని కాదు. బుధవారం సగం నీళ్లు మార్చింది. రంగు కాస్త తగ్గింది. ఊపిరి పీల్చుకుంది. గురువారం సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి మళ్లీ పెరిగింది. పెద్దది మేత గుళిక నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది.

"పొద్దున కూడా అంతే. చుట్టాలొచ్చారు కదా అని నాలుగు గుళికలు ఎక్కువేశాను. ముట్టలేదు" అంది అత్తగారు.

"ఎక్కువేశారా?"

"ఆకలితో ఉంచమంటావా?"

శుక్రవారం పొద్దున ఆవిరక్క గదిలోకి వచ్చేసరికి అత్తగారు అప్పటికే తొట్టి ముందు కుర్చీ వేసుకుని ఉంది. మాటల్లేవు. ఆవిడ మాట్లాడకపోతేనే ఇంట్లో అందరికీ భయం.

చేపలు రెండూ నీటిపైకి చేరి ఉన్నాయి. చిన్నది మూల పట్టుకుని ఉంది. పెద్దదాని మొప్పల రేకులు టపటపా కొట్టుకుంటున్నాయి, పరుగెత్తొచ్చిన మనిషి ఎగశ్వాసలా. ఒక కంటిమీద పలచటి పొర.

"ఇది ఆయాసం అమ్మాయ్. మా అమ్మను చూశాను నేను" అంది అత్తగారు.

గొట్టంలో నీళ్లు ఆకుపచ్చగా, చిక్కగా ఉన్నాయి. ఆ రోజు ఆమెది మధ్యాహ్నం డ్యూటీ. షాపాయనకు ఫోన్ చేసింది.

ఆయన ఈసారి వేగంగా మాట్లాడలేదు. ఒక్కొక్కటే అడిగాడు.

"మొదట్లో అమోనియా ఎంతదాకా పెరిగింది?"

"పెరగలేదు."

"అసలు పెరగలేదా? నైట్రైట్ ఎప్పుడైనా ఊదా అయిందా?"

"ఎప్పుడూ కాలేదు. మొదటిరోజు నుంచీ అన్నీ సున్నానే."

అవతల నీళ్ల చప్పుడు ఆగింది.

"అమ్మా, రాళ్లు ఎలా పెట్టారు?"

అబద్ధం చెప్పొచ్చు. మీరిచ్చిన రాళ్లలోనే ఏదో లోపం ఉందని ఒక్కమాట అనేస్తే ఆయన మీదికే పోతుంది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ గాజులోపల ఆ రేకులు కొట్టుకుంటున్నాయి. తప్పు చెప్తే మందూ తప్పే వస్తుంది. ఆస్పత్రిలో రోజూ చూసే సంగతే అది.

"కడిగాను" అంది. "మరిగించిన నీళ్లతో. తర్వాత బ్లీచింగ్‌లో. ఎండబెట్టాను."

"అయ్యో." ఆయన తిట్టలేదు. తిడితే బాగుండునని ఆమెకు అనిపించింది. "అందులో బతికున్నవన్నీ పోయినట్టే అమ్మా. మీ తొట్టిలో మురికి తినేవాళ్లే లేరు. చేపలు వాటి విషంలో అవే ఉన్నాయి."

"మీ దగ్గర పెట్టుకోండి వాటిని, ఇప్పుడే తెస్తాను."

"తేవద్దు. నా తొట్లకు మచ్చల రోగమొచ్చి మందు పోశాను. ఈ నీరసంలో ఆ రోగం తగిలితే సాయంత్రానికి ఉండవు. నా స్పాంజిలు కూడా ఇవ్వలేను, వాటినిండా మందే. అవి ఇన్నాళ్లు ఉన్న తొట్టి ఏమైంది? దానికి ఫిల్టర్ ఉండాలే?"

"పడగొట్టేస్తున్నారు. నిన్ననే ఆపేశారట."

"ఫిల్టర్లో స్పాంజి ఉంటుంది, ఆ మురికి తినే జీవులు దాన్నిండా ఉంటాయి. ఎంత మురికిగా ఉంటే అంత మంచిది. నీళ్లలో నాని ఉంటే ఈ సాయంత్రందాకా ఆశ ఉంది. ఎండిపోతే లేదు. కుళాయి నీళ్లు తగిలితే లేదు. వెళ్లండి. వెళ్లేముందు సగం నీళ్లు మార్చండి. ఆ... అమ్మా, దాన్ని మాత్రం కడక్కండి."

నీళ్లు మార్చేసరికి పదకొండున్నర. ఆఫీసుకు ఫోన్ చేసి సెలవు అడిగితే అవతలి మనిషి, "ఎవరు మాట్లాడేది?" అని రెండుసార్లు అడిగాడు. ఆవిరక్క సెలవు అడగడం ఆయన నమ్మలేకపోయాడు.

బస్సు ప్రతి స్టాపులోనూ ఆగింది. ఆమె ఒళ్లో మూత ఉన్న ఖాళీ డబ్బా. పదకొండేళ్లు ఆ గాజు ముందు టీ తాగిందే కానీ, తొట్టి కింద అరలో ఏముందో ఒక్కసారీ తలుపు తీసి చూడలేదు. నెలకొకసారి ఒకాయన వచ్చి ఏదో చేసి వెళ్లేవాడు, ఆయన చేతులూ తడిగానే ఉండేవి.

హాలంతా సున్నం దుమ్ము. గోడ సగం లేదు. గాజు లేదు. గోడ పడగొట్టే మేస్త్రీ పెచ్చుల కుప్పమీద నిలబడి ఉన్నాడు.

"కింద అరలో ఒక పెట్టె ఉండాలి. ఎక్కడ?"

"కంపు కొడుతుంటే వెనక పడేయించాం."

వెనక, చెత్తబండి వచ్చే చోట, హాలు శుభ్రం చేసే ఆయా వంగి ఏదో చేస్తోంది. ఆమె పక్కన బకెట్టు. ఆ నీలం బకెట్టు ఆవిరక్కకు బాగా తెలుసు. గోడలోంచి, డ్రైనేజీలోంచి ఏది తీసినా ముందు బ్లీచింగ్ నీళ్లలో ముంచాకే బయటికి పంపాలని నాలుగేళ్లకిందట ఆయాలందరినీ నిలబెట్టి నేర్పింది తనే. పరీక్ష పెట్టి మరీ నేర్పింది.

"ఆగు! ఆగు, ముంచకు!"

ఆయా ఉలిక్కిపడి నిటారుగా నిలబడింది. "మీరు చెప్పినట్టే చేస్తున్నానక్కా! కొలిచే పోశాను, కావాలంటే చూసుకోండి."

"ఎన్ని ముంచావు?"

"మూడుంటే రెండు. ఎంత జిడ్డక్కా, చెయ్యి పెట్టలేకపోయాను. చూడండి ఎంత తెల్లగా వచ్చాయో."

బకెట్టులో రెండు స్పాంజిలు, పాలల్లో ముంచినట్టు. మూడోది పెట్టె అడుగున, బెత్తెడు లోతు నల్లటి నీళ్లలో ఉంది. ఆవిరక్క మోకాళ్లమీద కూర్చుంది. గ్లౌజులు తెచ్చుకోలేదు. వంగి వాసన చూసింది. కుళ్లిన గుడ్డు వాసన కాదు. మట్టి, ఉప్పు, పాచి. చేతులు ఒక్క క్షణం గాల్లోనే ఆగిపోయాయి. తర్వాత రెండుచేతులా లోపల పెట్టి, ఆ జిగట ముద్దను పిండకుండా, పసిబిడ్డను తొట్టిలోంచి తీసినట్టు తీసి డబ్బాలో పెట్టింది. దాని నీళ్లే దానిమీద పోసింది.

ఆయా నోరు తెరుచుకుని చూస్తోంది. "గ్లౌజులైనా వేసుకోండక్కా. మీరే కదా..."

"నువ్వు చేసింది తప్పు కాదు" అంది ఆవిరక్క లేస్తూ. "నేను చెప్పిందే చేశావు."

ఇల్లు చేరేసరికి రెండు దాటింది. మెట్లు ఎక్కుతూనే అడిగింది: "ఉన్నాయా?"

"ఉన్నాయి. పెద్దది ఒకసారి పక్కకు ఒరిగింది. తిట్టాను, మళ్లీ లేచింది" అంది అత్తగారు.

ఆవిరక్క డబ్బాను వంటగది గట్టుమీద పెట్టి ఫిల్టర్ మూత తీయడానికి వెళ్లింది. వెనకనుంచి కుళాయి తిప్పిన చప్పుడు. తిరిగి చూస్తే అత్తగారు డబ్బా మూత తీసి, ముక్కు మూసుకుని, సింకు దగ్గర నిలబడి ఉంది.

"అత్తయ్యా కడగొద్దు!"

ఆ అరుపుకు అత్తగారి చేతిలోంచి మూత జారి కిందపడింది. ఈ ఇంట్లో ఆ మాట ఆవిడ ఎప్పుడూ వినలేదు.

"ఇలా, ఈ మురికితోనే వేస్తావా?"

"ఇలాగే."

"ఇరవయ్యేళ్లు నా దుంప తెంచావు కదే, కడుగు కడుగు అని!"

"తర్వాత తిట్టండి. ముందు కుళాయి కట్టండి."

స్పాంజిని తొట్టి వెనక ఫిల్టర్లో, నీళ్లు దాని గుండానే పారేటట్టు పెట్టింది. ఒక్కసారిగా గోధుమరంగు తెర లేచి గాజునిండా కమ్మింది. దంపతులు కనపడకుండా పోయారు. ఆవిరక్క చేతిలో గుడ్డ ఉంది. గాజు తుడవడానికి ముందుకొచ్చి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆ రెండురోజులు ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది. చేయడానికి పనేమీ లేదు. పొద్దునా సాయంత్రం షాపాయన చెప్పినన్ని నీళ్లు మార్చడం, వేడి చూడటం, అంతే. గదిలో పాచి వాసన. గాజుకు అడుగున గోధుమరంగు దుమ్ము పట్టింది. అటు వెళ్లకుండా ఉండటానికి ఆమె వంటగది అరలన్నీ రెండుసార్లు కడిగింది. భర్త ఇంటి గుడ్డలు మూడు రంగులూ తీసుకెళ్లి తన పనిముట్ల సంచిలో దాచేశాడు. "ఇవి నా దగ్గరుంటాయి. లోడ్ ఎక్కువైతే లిఫ్టు కూడా కదలదు. నువ్వూ కాస్త కదలకుండా కూర్చో."

శనివారం గొట్టం ఆకుపచ్చగానే ఉంది. చిన్నది సగం గుళిక తింది. పెద్దది అడుగుకు దిగి ఇసుకమీద పొట్ట ఆనించి పడుకుంది.

ఆదివారం పొద్దున అమోనియా లేత ఆకుపచ్చకు వచ్చింది. రెండో గొట్టంలో చుక్కలు వేసి ఊపితే, నీలం ఉండాల్సిన నీళ్లు మెల్లగా ఊదాలోకి తిరిగాయి. ఆవిరక్క కుర్చీలో కూర్చుండిపోయింది.

"చెడిపోయిందా?" అంది అత్తగారు.

"లేదత్తయ్యా. అవి తింటున్నాయి."

"చేపలా?"

"చేపలు కాదు. స్పాంజిలో ఉన్న మిగతావి. అవి అమోనియాను తింటేనే ఈ ఊదా వస్తుందట."

అత్తగారు తొట్టినంతా కళ్లు చికిలించి వెతికింది. "నాకేం కనపడట్లేదు. నాకు కనపడేది ఒక్కటే. పెద్దది తినట్లేదు."

అదే నిజం. రంగులెలా ఉన్నా గురువారం నుంచి పెద్దది ముద్ద ముట్టలేదు. షాపాయన ఫోన్లో, "నీళ్లు దారికొస్తున్నాయి, కానీ విషానికి మొప్పలు కాలి ఉంటే చెప్పలేం. తింటే బతికినట్టు. సోమవారం, మంగళవారం లోపల తినాలి" అన్నాడు.

సోమవారం ఎనిమిదింటికి డ్యూటీ. ఇంకో రోజు సెలవు అడిగితే ఇస్తారు, కానీ ఆమెకు వేగిపోతూ ఇంట్లో కూర్చునే ధైర్యం లేదు. అత్తగారికి గుళికల సీసా ఇచ్చి, "ఒక్కటే. పదింటికి. ఒక్కటంటే ఒక్కటే" అని చెప్పి బయల్దేరింది.

ఆస్పత్రిలో లిఫ్టు దగ్గరే గుమాస్తా పట్టుకున్నాడు. హాలు పడగొట్టాక అతని బల్లను కారిడార్‌లో వేశారు. "అక్కా, మావాళ్లెలా ఉన్నారు? కొత్త ఫోటో పంపలేదేం?"

అక్కడ నర్సులిద్దరు, ఆయా, పెద్ద సర్జన్ కూడా ఉన్నారు. బాగున్నాయి అని లోపలికి పోవచ్చు.

"పెద్దదానికి బాగాలేదు" అంది. "తప్పు నాదే. రాళ్లలో బతికుండాల్సినవి ఉంటాయట. కడగొద్దని చెప్పారు, కడిగాను. చేపలు వారం రోజులు విషంలో ఉన్నాయి."

గుమాస్తా ముఖం మాడిపోయింది. "నువ్వా?" అన్నాడు.

పెద్ద సర్జన్ గొంతు సవరించుకున్నాడు. "ఎంతసేపైంది తిని?"

"నాలుగు రోజులు."

ఆయన లిఫ్టు రావడంతో ఎక్కి, తలుపు మూసుకునేలోపల, "తెలిస్తే చెప్పు" అన్నాడు.

శుభ్రమైన గదిలోకి ఫోన్లు తీసుకెళ్లకూడదు. తలుపు బయట గూట్లో పెట్టాలి. ఆవిరక్క ఆ పొద్దున మూడు మూటలకు సంతకం పెట్టింది, మూడుసార్లూ లోపల ఉన్నవి రెండోసారి లెక్కపెట్టుకుంది. పది కొట్టాక చెవులన్నీ తలుపు దగ్గరే ఉన్నాయి. పది దాటి ఏడు నిమిషాలకు గూట్లో ఫోన్ గుర్రుమంది.

ఏప్రన్‌తోనే బయటికి వచ్చి ఎత్తింది. అవతల అత్తగారు గుసగుసగా మాట్లాడుతోంది, చేపలకు వినపడుతుందేమోనన్నట్టు.

"వేశాను. ఒక్కటే వేశాను. చిన్నది తినబోతే గాజు మీద కొట్టి తరిమాను."

"పెద్దది?"

"లేచింది. వచ్చింది. చూస్తోంది... నోట్లో పెట్టుకుంది."

ఆవిరక్క గోడకు ఆనుకుంది.

"ఉమ్మేసింది."

"అత్తయ్యా..."

"ఆగవే. కిందికి పోతోంది గుళిక. ఇదీ దాని వెనకే పోతోంది... పట్టింది మళ్లీ." ఫిల్టర్లోంచి పడే నీళ్ల చప్పుడు సన్నగా వస్తోంది. "నములుతోంది. ఉమ్మలేదు. ఉమ్మలేదమ్మాయ్, మింగేసింది! ఇంకోటి వెయ్యనా?"

"వద్దు! మధ్యాహ్నం ఇంకొకటి."

"సరేలే, ఏడవకు. ఇక ఫోన్ పెట్టెయ్, నాకు చెయ్యి ఖాళీ లేదు. ఆ చిన్నవెధవ నా వైపే చూస్తున్నాడు, ఆకలట."